స్కీని చేతితో చదవడం: ఆల్-మౌంటెన్ కార్వింగ్ స్కీల రూపం, నిర్మాణం, నడక

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మంచు పడదు. మందస వైపు నుంచి కనిపించే మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తున ఉన్నా దాని మీద కూడా మంచు నిలవదు. అయినా ఈ రెండు జిల్లాల నుంచి సైన్యంలో చేరినవారు ఊరూరా ఉన్నారు; వారిలో కొందరు కశ్మీర్‌లోనో గఢ్వాల్‌లోనో మంచు మీద జారడానికి బూట్లకు బిగించుకునే పొడుగాటి పలకలైన స్కీల మీద నిలబడడం నేర్చుకుని ఇంటికి వచ్చారు. నేనూ అలా నేర్చుకున్నవాణ్ణే. ఈ మధ్య సైన్యంతో సంబంధం లేని యువతీయువకులు కూడా గుల్మార్గ్, ఔలీ శిక్షణలకు వెళుతున్నారు. బయలుదేరే ముందు మా ఇంటికి వచ్చి దాదాపు అందరూ అడిగేది ఒక్కటే: ఏ కంపెనీ స్కీ మంచిది? ఒకే కంపెనీ ఒకే ఏడాది తయారు చేసిన రెండు స్కీలు ఒకే మనిషి కాళ్ల కింద పూర్తిగా వేరుగా ప్రవర్తించడం చూసినవాణ్ణి కనుక ఆ ప్రశ్నకు పేరుతో జవాబు చెప్పలేను. స్కీ ఎక్కడ ఎంత వంగుతుంది, ఎంత మెలి తిరుగుతుంది, వంగినది ఎంత త్వరగా తిరిగి లేస్తుంది అన్న మూడు విషయాలే దాని నడకను నిర్ణయిస్తాయి. ఈ మూడింటినీ అంకెల్లో కొంత చదవవచ్చు, చేతితో చాలావరకు తెలుసుకోవచ్చు. ఆ చదవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను.

కావిడి మోసినవారికి ఈ సంగతి సగం ముందే తెలుసు. బద్ద మరీ బిరుసైతే ప్రతి అడుగుకూ బరువు భుజాన్ని కొడుతుంది. మరీ మెత్తనైతే కుండలు ఊగి అడుగు తప్పిస్తాయి. మోసేవాడి బరువుకూ, మోసే బరువుకూ, నడక వేగానికీ కుదిరిన వెదురు బద్ద మాత్రం అడుగుతో పాటు వంగి, అడుగుతో పాటు లేచి, భారాన్ని మనిషి లయలోకి తెచ్చి పెడుతుంది. స్కీ కూడా ఒక బద్దే. కాకపోతే దానికి రెండు పక్కలా ఉక్కు అంచులున్నాయి, ఆ అంచులు తిన్నగా కాక లోపలికి వంపు తిరిగి ఉన్నాయి.

కార్వింగ్ అంటే స్కీ పక్కకు జారకుండా, ముక్కు (ముందు కొన) కోసిన గాడిలోనే తోక (వెనుక కొన) కూడా సాగుతూ తిరిగే మలుపు. అలా తిరిగి వెనక్కి చూస్తే మంచు మీద రెండు సన్నని గీతలు మాత్రమే కనిపిస్తాయి. పక్కకు జారితే చీపురుతో ఊడ్చినట్లు వెడల్పైన చార కనిపిస్తుంది. ఆల్-మౌంటెన్ కార్వింగ్ స్కీ అంటే ఈ కోత మలుపునే ప్రధానంగా పెట్టుకుని, మధ్యాహ్నానికి గుట్టలు పడిన మంచులోనూ, చీలమండ లోతు కొత్త మంచులోనూ మనిషిని ఇబ్బంది పెట్టకుండా నడిచేలా రూపొందించినది. దాని నడుము, అంటే బూటు కింద సన్నబడిన చోటు, వెడల్పు సాధారణంగా 74 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

స్కీ మీద ముద్రించిన అంకెలు

స్కీ పై భాగాన, చాలావాటికి తోక దగ్గర, పొడవుతో పాటు మూడు వెడల్పులు, ఒక వ్యాసార్ధం ముద్రించి ఉంటాయి. మొదటి వెడల్పు ముక్కుది, రెండవది నడుముది, మూడవది తోకది. వ్యాసార్ధం స్కీ అంచులకు ఉన్న పక్క వంపును పూర్తి వృత్తంగా పొడిగిస్తే వచ్చే వృత్తానిది. ఈ అంకెను నమ్మడం కంటే ఒకసారి సొంతంగా లెక్క కట్టి చూడడం మంచిది, ఎందుకంటే లెక్క కట్టినవారికి వెడల్పులకూ మలుపుకూ ఉన్న సంబంధం ఇక మరచిపోయేది కాదు. ముక్కు, తోక వెడల్పులను కూడి, అందులోంచి నడుము వెడల్పుకు రెట్టింపును తీసివేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేయాలి. తరువాత ముక్కు వద్ద అతి వెడల్పైన చోటు నుంచి తోక వద్ద అతి వెడల్పైన చోటు వరకు దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, దాని వర్గాన్ని ఆ సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకు వెడల్పులు 127, 78, 109 అనుకుందాం. 127, 109 కలిపితే 236, అందులో 156 పోతే 80, రెట్టింపు 160. అతి వెడల్పైన చోట్ల మధ్య దూరం 1,500 మిల్లీమీటర్లు అయితే దాని వర్గం 22,50,000. 160తో భాగిస్తే సుమారు 14,060 మిల్లీమీటర్లు, అంటే 14 మీటర్ల పైచిలుకు. నేటి స్కీలలో చాలావాటికి ముక్కు వైపు ఒక వంపు, నడుము దగ్గర మరొక వంపు ఉంటాయి కనుక ముద్రించిన అంకె వాటి సగటు అనుకోవాలి.

ఈ 14 మీటర్లు స్కీ పడుకుని ఉన్నప్పటి అంకె. స్కీని ఒక అంచు మీదికి వాల్చిన కొద్దీ మలుపు చిన్నదవుతుంది. గట్టి మంచు మీద 45 డిగ్రీలు వాల్చితే అదే స్కీ దాదాపు 10 మీటర్ల వ్యాసార్ధంతో, 60 డిగ్రీలు వాల్చితే దాదాపు 7 మీటర్లతో తిరుగుతుంది. ఇక్కడే అసలు విషయం ఉంది. వాల్చిన స్కీ ముక్కు, తోక ముందుగా మంచును తాకుతాయి, నడుము గాలిలో ఉండిపోతుంది. మనిషి బరువుకూ, మలుపులో పుట్టే ఒత్తిడికీ స్కీ వంగి నడుము కిందికి దిగితేనే అంచు మొత్తం మంచును పట్టుకుంటుంది. పక్క వంపు ఎంత అందంగా ఉన్నా, ఆ మనిషి వంచలేనంత బిరుసు స్కీ అయితే అది తిరగదు.

నేను మొదటి శీతాకాలంలో గుల్మార్గ్‌లోని ఒక అద్దె దుకాణం నుంచి తీసుకున్న జత అలాంటిదే. పోటీల కోసం తయారైన పాత స్కీలవి. రెండు లోహపు పొరలు, మందమైన నడుము. అప్పట్లో నా బరువు 58 కిలోలు. ఎంత ప్రయత్నించినా తోక పక్కకు జారిపోయేది, మలుపు మధ్యలో ముక్కు తన దారిన తాను తిన్నగా పోయేది. లోపం నా కాళ్లలోనే ఉందనుకుని రోజుల తరబడి బాధపడ్డాను. శిక్షకుడు ఒకరు ఆ జత తీసివేసి మెత్తటి జత ఇచ్చిన మరునాటి ఉదయం నా వెనుక మొదటిసారిగా రెండు గీతలు కనిపించాయి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఉదయమే.

పక్క వంపు కొత్తదేమీ కాదు. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతానికి చెందిన సోండ్రే నోర్‌హైమ్ 19వ శతాబ్దంలోనే నడుము సన్నగా ఉన్న స్కీలు వాడాడు. కానీ శతాబ్దానికి పైగా ఆ వంపు చాలా స్వల్పంగానే ఉండిపోయింది. రెండు మీటర్లకు పైబడిన పొడుగాటి స్కీలను బలంతో, నేర్పుతో తిప్పవలసి వచ్చేది. స్లొవేనియాలోని ఎలాన్ సంస్థ 1990ల తొలి సంవత్సరాల్లో ఎస్‌సీఎక్స్ అనే లోతైన వంపు స్కీని తెచ్చిన తరువాత ఈ క్రీడ మారిపోయింది. వంపు లోతు పెరగగానే పొడవు తగ్గింది, కోత మలుపు మామూలు మనిషికి అందుబాటులోకి వచ్చింది.

నడుము వెడల్పు విషయంలో చాలామంది పొరబడతారు. వెడల్పైన స్కీ నిలకడగా ఉంటుందని అనుకుని, గట్టి మంచు మీద నేర్చుకునేవారు కూడా 95, 100 మిల్లీమీటర్ల స్కీ తీసుకుంటారు. స్కీని వాల్చినప్పుడు బరువంతా ఒక అంచు మీద ఉంటుంది. ఆ అంచు బూటు మధ్యరేఖ నుంచి ఎంత దూరంలో ఉంటే, స్కీని మళ్లీ పడుకోబెట్టాలని మంచు చేసే ప్రయత్నం అంత బలంగా ఉంటుంది. 76 మిల్లీమీటర్ల నడుముకు ఆ దూరం 38 అయితే, 100 మిల్లీమీటర్లకు 50. ఆ తేడాను రోజంతా మోకాలు భరించాలి. వెడల్పు లోతైన మంచులో తేలడానికి పనికివస్తుంది; చదును చేసిన వాలు మీద అది అడ్డమే. నడుము వెడల్పుతో పాటు ముక్కు, తోకల మధ్య తేడా కూడా చూడాలి. తోక ముక్కుకు దగ్గరి వెడల్పులో ఉంటే మలుపు చివరి వరకు పట్టు వదలదు. తోక బాగా సన్నబడి గుండ్రంగా ఉంటే ఎక్కడ కావాలంటే అక్కడ మలుపు విడిచిపెట్టవచ్చు. కొత్తవారికి రెండవదే మేలు.

మందం, కర్ర

స్కీ బిరుసును అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది మందం. వెడల్పు రెట్టింపైతే బిరుసు రెట్టింపవుతుంది. మందం రెట్టింపైతే బిరుసు 8 రెట్లవుతుంది. మందం 10 శాతం పెరిగినా బిరుసు 33 శాతం పెరుగుతుంది. అందువల్ల లోపలి కర్రను చిత్రిక పట్టేటప్పుడు అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా స్కీ స్వభావం మారిపోతుంది. బూటు కింద మందంగా మొదలై రెండు చివరలకు పలచబడే ఆ కర్ర కోతను తయారీదారులు మలుపుకు తగ్గట్లు మలుస్తారు: ముక్కు వైపు త్వరగా పలచబడితే మలుపులోకి దిగడం సులువు, తోక వైపు మందం నిలిపితే మలుపు నుంచి బయటకు వచ్చేటప్పుడు ఊతం దొరుకుతుంది.

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. కుండ, దండి ఒకే కర్రలోంచి వస్తాయి కనుక నాదం ఎక్కడా తెగదని ఆ పనివారు చెబుతారు. తొలినాటి స్కీలు కూడా ఏకాండి స్కీలే, యాష్, హికరీ పలకల నుంచి చెక్కినవి. కానీ స్కీకి నాదం అక్కరలేదు, పైగా ఒంటి పలక తడికి మెలి తిరుగుతుంది, ఎక్కడ ముడి ఉంటే అక్కడ విరుగుతుంది. 1930ల్లో నార్వేలోనూ అమెరికాలోనూ సన్నని కర్ర పట్టీలను జిగురుతో అతికించిన స్కీలు వచ్చాక ఆ బాధ తగ్గింది. నేడూ అదే పద్ధతి: పాప్లర్, బీచ్, యాష్, పౌలోనియా వంటి కర్రల పట్టీలను పక్కపక్కన నిలబెట్టి అతికిస్తారు, ఒక పట్టీ మెలికను పక్క పట్టీ అదుపు చేస్తుంది. పౌలోనియా చాలా తేలిక, కానీ స్క్రూ పట్టు తక్కువ, అదురు ఎక్కువ. బీచ్, యాష్ బరువైనవి, నిబ్బరమైనవి. పాప్లర్ ఈ రెంటికీ నడుమ. అందుకే బూటు కింద బరువు కర్ర, చివరలకు తేలిక కర్ర వాడే స్కీలు ఎక్కువ. చివరల్లో బరువు తగ్గించడం వల్ల మరొక మేలుంది. స్కీని పక్కకు తిప్పేటప్పుడు బూటు నుంచి దూరం రెట్టింపైన బరువు 4 రెట్లు అడ్డుపడుతుంది కనుక, ముక్కులో 50 గ్రాములు తగ్గిస్తే కాలికి తెలుస్తుంది, బూటు కింద అంతే తగ్గిస్తే తెలియదు.

పొరలు

కర్రకు పైనా కిందా ఉండే పొరలే స్కీకి బలం. పొరలు మధ్యరేఖకు ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా వంపును ఎదిరిస్తాయి కనుక, పలచని పొర కూడా ఉండవలసిన చోట ఉంటే చాలా పని చేస్తుంది. విమానాల తయారీలో పనిచేసిన హోవర్డ్ హెడ్ అనే అమెరికన్ ఇంజనీరు అల్యూమినియం రేకుల మధ్య కర్రను పెట్టి అతికించిన స్కీని 1950లో అమ్మకానికి తెచ్చాడు. ఆ అమరికనే ఇప్పటికీ శాండ్‌విచ్ నిర్మాణం అంటున్నారు.

గాజునారు (ఫైబర్‌గ్లాస్) పొరను అర్థం చేసుకోవడానికి మనకు పొందూరు ఖద్దరు కంటే మంచి పాఠం లేదు. ఆ గుడ్డను పడుగు వెంట లాగండి, సాగదు. పేక వెంట లాగండి, సాగదు. రెండు ఎదురెదురు మూలలు పట్టుకుని ఐమూలగా లాగితే మాత్రం సులువుగా సాగి వస్తుంది, ఎందుకంటే ఆ దిశలో దారమే లేదు. గాజునారుకూ ఇదే సూత్రం. స్కీ పొడవునా పరచిన దారాలు వంపును ఎదిరిస్తాయి, మెలికను అంతగా ఆపవు. మెలికను ఆపేవి ఐమూలగా, 45 డిగ్రీల కోణంలో అటొకటి ఇటొకటి వేసిన దారాలు. నిలువు దారాలకు ఐమూల దారాలు కూడా చేర్చిన పొరను మూడు దిశల గాజునారు అంటారు. ఏ దిశలో ఎన్ని దారాలు వేయాలో ఎంచుకోవడం ద్వారా తయారీదారు సులువుగా వంగి, కష్టంగా మెలి తిరిగే స్కీని చేయగలడు. కార్వింగ్‌కు కావలసింది సరిగ్గా అదే. వంగితే మలుపు, మెలి తిరగకపోతే పట్టు.

మెలిక బిరుసు తక్కువైన స్కీని గట్టి మంచు మీద వాల్చితే బూటు కింద అంచు పట్టినా ముక్కు దగ్గర అంచు చదునుగా పడిపోయి జారుతుంది. మనిషికి స్కీ ముందు భాగం లేనట్లే అనిపిస్తుంది. మెలిక బిరుసు మరీ ఎక్కువైతే అంచు ఆనగానే ముక్కు మలుపులోకి లాక్కుపోతుంది, చిన్న పొరపాటును కూడా క్షమించదు. నేర్చుకునే దశలో వంపులో మెత్తన, మెలికలో మధ్యరకం ఉన్న స్కీ మంచిదని నా అభిప్రాయం. వంపులోనూ మెలికలోనూ రెండింటా మెత్తనైన స్కీ మొదటి మూడు రోజులు హాయిగా ఉంటుంది, నాలుగో రోజు నుంచి అలవాట్లు పాడుచేస్తుంది.

ఇక లోహం. స్కీలలో వాడే టైటానల్ పేరు విని అది టైటానియం అనుకునేవారున్నారు. అది ఆస్ట్రియాలో తయారయ్యే గట్టి అల్యూమినియం మిశ్రమలోహం. చాలా స్కీలలో అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మందంగా ఉంటుంది. రేకు అన్ని దిశలలోనూ ఒకేలా గట్టిది కనుక మెలికను బాగా ఆపుతుంది, వేగంలో స్కీ నిశ్శబ్దంగా, నేలకు అంటుకున్నట్లు నడుస్తుంది. ఆ నిశ్శబ్దం లోహానిదే అని చాలామంది అనుకుంటారు. అల్యూమినియం పళ్లాన్ని తడితే మోగుతుందే కానీ అణగదు. అదురును అణచేది రేకు పక్కన వేసే పలచని రబ్బరు పొర, దానికి తోడు లోహం చేర్చే బరువు. రేకు రబ్బరు మీద కొద్దిగా జరగబోయినప్పుడు అదురులోని శక్తి వేడిగా మారి పోతుంది. రబ్బరు లేకుండా లోహం మాత్రమే ఉన్న స్కీ బిరుసుగా ఉంటుంది, మెత్తటి నిశ్శబ్దం ఉండదు. కార్బన్ నారు దీనికి మరో కొస. తక్కువ బరువులో ఎక్కువ బిరుసు ఇస్తుంది, చురుగ్గా స్పందిస్తుంది, కానీ గరుకు మంచు మీద ప్రతి గడ్డనూ కాలికి చెబుతుంది.

పక్క గోడల గురించి క్లుప్తంగా: నిలువు ప్లాస్టిక్ గోడ ఉన్న స్కీ కాలి ఒత్తిడిని నేరుగా అంచుకు పంపుతుంది. పై పొరనే వంచి అంచు వరకు దించిన క్యాప్ నిర్మాణం తేలికైనది, చవకైనది, పట్టులో కొంచెం మెత్తన. బూటు కింద గోడ, చివరల్లో క్యాప్ ఉన్నవీ చాలా ఉన్నాయి.

నడుమ ఎత్తు, ముక్కు లేపు

స్కీని చదునైన నేల మీద ఉంచితే నడుము కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది. ఇది క్యాంబర్. మనిషి ఎక్కగానే ఆ ఎత్తు అణిగి, బరువు ముక్కుకూ తోకకూ పంచబడుతుంది. మలుపు ముగిసి ఒత్తిడి తగ్గగానే స్కీ తిరిగి లేవబోతూ మనిషిని తరువాతి మలుపులోకి తోస్తుంది. విజయనగరం జిల్లా కొండవెలగాడలో బరువులెత్తే పిల్లలను చూసినవారికి ఇది తెలుసు. గుంజీ నుంచి లేచేటప్పుడు ఇనుప కడ్డీ వంగి, తిరిగి లేచే క్షణానికి తమ ఎగురును కలుపుతారు. కడ్డీ లేచే వేళకు ముందో వెనకో కదిలితే ఆ సాయం దొరకదు. స్కీ తిరిగి లేచే వేగం కూడా అలాగే మనిషి వేగానికి సరిపోవాలి. లోహం తక్కువ, కార్బన్ ఎక్కువ ఉన్న స్కీ త్వరగా ఎగసి వస్తుంది. లోహం, రబ్బరు ఉన్నది నెమ్మదిగా, నిండుగా లేస్తుంది.

ముక్కు భాగం ముందుగానే పైకి లేచి ఉంటే దాన్ని రాకర్ అంటారు. చదునుగా జారుతున్నప్పుడు ఆ భాగం మంచును తాకదు కనుక స్కీ పొట్టిగా అనిపిస్తుంది, తిప్పడం సులువు, మెత్తటి మంచులో ముక్కు మునగదు. బాగా వాల్చినప్పుడు మాత్రం ఆ భాగమూ పనిలోకి వస్తుంది. కార్వింగ్ కోసమైతే ముక్కు దగ్గర కొద్దిపాటి రాకర్, మిగిలిన పొడవంతా క్యాంబర్ ఉన్నదే తీసుకోవాలి. తోక కూడా బాగా లేచి ఉన్న స్కీ చదును మంచు మీద మలుపు చివర చేతులెత్తేస్తుంది.

దుకాణంలో చేయవలసిన పరీక్ష

ముందుగా రెండు స్కీల అడుగు భాగాలను ఎదురెదురుగా ఆనించి పట్టుకోండి. నడుమ కనిపించే ఖాళీయే రెండు క్యాంబర్ల మొత్తం. ఆ ఖాళీని వేళ్లతో నొక్కి మూయగలిగితే మెత్తనివి. రెండు చేతుల బలమూ కావలసి వస్తే బిరుసైనవి. పూర్తిగా మూసినప్పుడు ముక్కుల దగ్గర విచ్చుకునే చోటు ఎక్కడ మొదలవుతుందో చూస్తే రాకర్ పొడవు తెలుస్తుంది. రెండు అడుగులు ఒకచోట ఆని మరొకచోట ఆనకపోతే ఆ జతలో ఒకటి మెలి తిరిగింది, అద్దెకైనా తీసుకోవద్దు.

తరువాత తోకను గుడ్డ మీద నేలకు ఆనించి, ఎడమ చేతితో ముక్కు దగ్గర పట్టుకుని, కుడి అరచేతితో నడుము మీద నొక్కండి. బలం ఎంత కావలసి వచ్చింది అన్నదాని కంటే వంపు ఆకారం ముఖ్యం. పక్క నుంచి చూస్తే ముక్కు నుంచి తోక వరకు తెగని విల్లులా కనిపించాలి. ఒకే చోట మడతపడినట్లు వంగితే ఆ చోటనే మలుపులో కూడా విరుపు వస్తుంది. నొక్కు వదిలినప్పుడు చేతిని తన్నినట్లు లేస్తుందా, తోసినట్లు లేస్తుందా అన్నది కూడా గుర్తుంచుకోండి.

మెలిక చూడడానికి నడుమును మోకాళ్ల మధ్య బిగించి, ముక్కును రెండు చేతులతో పట్టుకుని తలుపు గడియ తిప్పినట్లు తిప్పండి. రెండు మూడు వేర్వేరు రకాలను వరుసగా తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది, ఒక్కదాన్నే చూస్తే తెలియదు. ఆ తరువాత బూటు వచ్చే చోట స్కీని ఒక చేత్తో ఎత్తి మణికట్టుతో అటూ ఇటూ తిప్పితే చివరల బరువు తెలుస్తుంది. చివరగా దాన్ని నిలువుగా వేలాడదీసి ముక్కు దగ్గర వేలి కణుపుతో తట్టండి. చాలాసేపు చేతికి అదురు వస్తే చురుకైన, గరుకైన స్కీ. డప్పు మీద తడిగుడ్డ వేసినట్లు వెంటనే అణిగితే అదురు తక్కువది.

వాడిన స్కీ అయితే, ఈ ప్రాంతంలో చాలామందికి విదేశాల్లోని బంధువులు తెచ్చేవి అవే కనుక, మరికొన్ని చూడాలి. పక్క గోడకూ పై పొరకూ మధ్య గోరు దూరే సందు ఉంటే పొరలు విడిపోతున్నట్లే. అంచు ఉక్కు సన్నబడిపోయి ఉంటే ఇక పదును పెట్టే వీలుండదు. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) పాత రంధ్రాలు ఒకటి రెండు జతల కంటే ఎక్కువుంటే వదిలేయండి. క్యాంబర్ పూర్తిగా పోయి అడుగులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే ఆ స్కీ వంగడం మిగిలి ఉన్నా లేవడం పోయింది.

బైండింగ్, బూటు, అంచు

పడినప్పుడు బైండింగ్ బూటును వదిలే విడుదల బలాన్ని బరువు, ఎత్తు, వయసు, బూటు అరికాలి పొడవు, నైపుణ్యం చూసి శిక్షణ పొందిన పనివారే అమర్చాలి. స్నేహితుడి అంకె మీకు పనికిరాదు. బూటు అరికాలి రకం బైండింగ్‌కు సరిపోతుందా అని కూడా అడగాలి. మామూలు ఆల్పైన్ అరికాలికీ, నడవడానికి వీలైన గ్రిప్‌వాక్ అరికాలికీ అమరికలు వేరు. బూటు మధ్యగీతను స్కీ మీద గీత కంటే ఒక సెంటీమీటరు ముందుకు జరిపితే మలుపు మొదలవడం సులువవుతుంది, వెనక్కి జరిపితే వేగంలో నిలకడ వస్తుంది. కాబట్టి స్కీ నచ్చకపోతే మార్చే ముందు బైండింగ్ ఎక్కడుందో చూడండి.

అంచు కోణం స్కీ నడకను రాత్రికి రాత్రే మార్చగలదు. అడుగు వైపు 1 డిగ్రీ, పక్క వైపు 2 డిగ్రీలు అన్నది ఆల్-మౌంటెన్ వాడకానికి నమ్మకమైన అమరిక. పక్క కోణం 3 డిగ్రీలైతే పట్టు చురుకవుతుంది, త్వరగా మొండిపడుతుంది. అడుగు కోణం అర డిగ్రీకి తగ్గితే కొద్దిగా వాల్చినా అంచు తగులుతుంది, కొత్తవారిని పడేస్తుంది. అద్దె స్కీ తిరగడం లేదని అనిపించినప్పుడు చాలాసార్లు అసలు కారణం మొండి అంచు. గోటిని అంచు మీద అడ్డంగా గీకితే సన్నని పొడి రాలాలి. రాలకపోతే మొదట పదును పెట్టించి, ఆ తరువాతే స్కీ మీద తీర్పు చెప్పండి.

మంచు మీద

పోల్చదలచిన రెండు స్కీలను ఒకే వాలు మీద, ఒకే గంటలో, ఒకే బూట్లతో చూడాలి. ఉదయం గట్టిగా ఉన్న మంచు మధ్యాహ్నానికి వేరే పదార్థమే అవుతుంది. మొదట పెద్దగా వాలు లేని చోట తిన్నగా జారుతూ, చేయి కదపకుండా చీలమండలను మాత్రమే ఒక వైపుకు వాల్చి, స్కీ తనంతట తాను ఎంత త్వరగా తిరగడం మొదలుపెడుతుందో చూడండి. ముక్కు వెడల్పు, పక్క వంపు, మెలిక బిరుసు ఈ ఒక్క పరీక్షలో కలిసి మాట్లాడతాయి. తరువాత మధ్యరకం వాలు మీద నాలుగైదు పొడుగాటి మలుపులు వేసి ఆగి, వెనక్కి తిరిగి గీతలు చూడండి. గీత మొదట్లో వెడల్పై తరువాత సన్నబడితే ముక్కు ఆలస్యంగా పట్టింది. చివర్లో వెడల్పైతే తోక వదిలింది. పిదప అదే వాలు మీద కావాలనే పక్కకు జారుతూ దిగండి. కోయడం మాత్రమే తెలిసి జారడం తెలియని స్కీ జనం నిండిన వాలు మీద ప్రమాదం. చివరిగా గుట్టలు పడిన మంచులోకి వెళ్లి, స్కీ గుట్టను మింగుతుందా, మిమ్మల్ని ఎగరేస్తుందా చూడండి.

గుల్మార్గ్‌లో కింది వాలులు సుమారు 2,650 మీటర్ల ఎత్తున నేర్చుకునేవారికి అనువుగా ఉంటాయి. గొండోలా (తీగ మీద నడిచే పెట్టె) రెండవ దశ ఎక్కి అఫర్వాట్ కొండ వైపు వెళితే లోతైన మెత్తటి మంచు, చదును చేయని వాలులు. కింద 76 మిల్లీమీటర్ల నడుము సరిపోతుంది, పైన అది మునుగుతుంది. ఔలీలో చదును చేసిన పొడవైన వాలు ప్రధానం కనుక సన్నని నడుము, 13 నుంచి 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న స్కీ అక్కడ బాగా పలుకుతుంది. పొడవు విషయంలో గడ్డానికీ నుదుటికీ మధ్య వచ్చేది చాలు. 55, 60 కిలోల వారు రెండు లోహపు పొరలున్న స్కీ జోలికి పోకుండా ఒక పొర లేదా గాజునారు మాత్రమే ఉన్నది చూసుకోవాలి. 80 కిలోలు దాటినవారికి అదే స్కీ వేగంలో వణుకుతుంది.

ఇంట్లో దాచడం

సొంత స్కీలు కొని ఇంటికి తెచ్చుకున్నవారికి మన తీరంలో అసలు శత్రువు ఉప్పుగాలి. కళింగపట్నం, భావనపాడు వైపు ఇళ్లలో ఒక్క వర్షాకాలానికే ఉక్కు అంచులు ఎర్రబారతాయి. తెచ్చిన రోజే అంచులను పొడిగుడ్డతో తుడిచి, అడుగు భాగం మీదా అంచుల మీదా మైనం మందంగా కరిగించి పూసి, గీకకుండా అలాగే వదిలేయాలి. పక్క గోడలో పగులు ఉంటే ముందు దాన్ని ఎపాక్సీ జిగురుతో మూయించాలి, లేకపోతే తేమ కర్రకు చేరుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టవద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది; నూలుగుడ్డ చాలు. రేకుల కప్పు కింద, అటక మీద మే నెల వేడి జిగురుకు మంచిది కాదు కనుక ఇంటి లోపలి గోడకు ఆనించి ఉంచండి. రెండు స్కీలను కలిపి కట్టేటప్పుడు నడుము దగ్గర బిగించి క్యాంబర్‌ను అణచవద్దు. ముక్కు దగ్గర, తోక దగ్గర వదులుగా కట్టాలి. బయలుదేరడానికి వారం ముందు మైనం గీకి, అంచుల మీద గోరు పరీక్ష చేసి, అడుగులు ఎదురెదురుగా ఆనించి నడుమ ఖాళీ కిందటి ఏడాది ఎంతుందో అంతే ఉందా అని స్కేలుతో కొలిచి చూసుకోండి. ఆ కొలతను కొన్న రోజే పై పొర మీద చిన్న అక్షరాలతో రాసి పెట్టుకుంటే వెతుక్కోనక్కరలేదు.